నీళ్ల రాడ్ నిజంగా ఎన్ని వాట్లు లాగుతోంది? వోల్టేజీ, కరెంటు కొలిచి లెక్క కట్టడం ఇలా

చలికాలం మొదలైతే చాలు, నన్ను అందరూ ఒకటే అడుగుతారు. "రాడ్ మీద 1500 వాట్లు అని ఉందండీ, బకెట్టు నీళ్లు కాగడానికి అరగంట దాటుతోంది. రాడ్ పోయినట్టేనా?" కొందరు ఇంకాస్త ముందుకెళ్లి మీటరు కూడా కొనుక్కుంటారు. "వోల్టేజీ 205, కరెంటు 5.8 చూపిస్తోంది. ఇప్పుడీ అంకెలతో ఏం చేయాలి?" అని అడుగుతారు.

ఆ రెండు అంకెలతో చాలా పని జరుగుతుంది. భాగిస్తే రెసిస్టెన్స్ వస్తుంది, గుణిస్తే పవర్ వస్తుంది. రాడ్ బాగుందా, ఇంటి వైరింగ్‌లో లోపముందా, ప్లగ్గు కాలిపోయే స్థితికి వచ్చిందా అన్నది కూడా వాటిలోనే తెలుస్తుంది. నేను ఈ లెక్క వేసుకోకుండా రెండు రాడ్లు అనవసరంగా మార్చాను. మూడోది కొనబోతూ కొలిచి చూస్తే తప్పు రాడ్‌ది కానే కాదు. ఆ రోజు కొలిచిన అంకెలనే ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ముందు ఒక మాట తేల్చుకుందాం. మనం "కరెంటు పోయింది", "కరెంటు తక్కువొస్తోంది" అంటాం. తక్కువొస్తోంది అన్నప్పుడు మన ఉద్దేశం వోల్టేజీ తగ్గిందని. లెక్కలో మాత్రం ఈ రెండూ వేరు. వోల్టేజీ అంటే తోసే ఒత్తిడి, వోల్టుల్లో కొలుస్తాం. కరెంటు అంటే వైరులో పారే మొత్తం, ఆంపియర్లలో కొలుస్తాం. పారకుండా అడ్డుపడేది రెసిస్టెన్స్, దాన్ని ఓమ్‌లలో చెబుతాం. పదో తరగతిలో చదివిన నిరోధం ఇదే. థియరీ ఇంతకు మించి అక్కర్లేదు. కావలసిన సూత్రాలు ఇవి:

రెసిస్టెన్స్ = వోల్టేజీ ÷ కరెంటు
పవర్ = వోల్టేజీ × కరెంటు
పవర్ = వోల్టేజీ × వోల్టేజీ ÷ రెసిస్టెన్స్

మూడోది మొదటి రెండింటి నుంచి వచ్చిందే. కరెంటు కొలిచే వీలు లేనప్పుడు అది పనికొస్తుంది.

కావలసినవి

- మల్టీమీటరు. మామూలు పసుపు రంగు చిన్న మీటరు చాలు.
- ఏసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటరు. వైరు కోయకుండా, దాని చుట్టూ దవడ వేసి కొలిచేది.
- సాకెట్‌లో గుచ్చితే వోల్టేజీ చూపించే చిన్న డిజిటల్ మీటరు. లేకపోయినా ఫర్వాలేదు కానీ, మల్టీమీటరు పుల్లలు సాకెట్‌లో పెట్టడానికి భయపడేవాళ్లకు ఇదే మంచిది.
- 15 ఆంప్స్ పిన్ను, రెండు 15 ఆంప్స్ సాకెట్లు ఉన్న జంక్షన్ బాక్సు. దాని కేబుల్ 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు వైర్లది కావాలి. కేబుల్ మధ్యలో ఒక జానెడు మేర పై తొడుగు మాత్రం తీయించి, లోపలి మూడు వైర్లు విడివిడిగా కనిపించేలా ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోండి. లోపలి వైర్ల ఇన్సులేషన్ మీద చిన్న గాటు కూడా పడకూడదు.
- కాగితం, పెన్ను, ఫోనులో స్టాప్‌వాచ్.

క్లాంప్ మీటరు లేకపోతే కరెంటును, వాట్లను చూపించే 16 ఆంప్స్ స్మార్ట్ ప్లగ్ వాడుకోవచ్చు. అదీ లేకపోతే ఇంటి కరెంటు మీటరుతోనే వాట్లు కట్టే పద్ధతి 7వ అడుగులో చెప్పాను. దానికి పైసా ఖర్చు లేదు.

చేతులు పెట్టేముందు

230 వోల్టులు ప్రాణం తీస్తాయి. తడి చేతులతో, తడి నేల మీద నిలబడి ఇది చేయొద్దు. కాళ్లకు పొడి చెప్పులు ఉండాలి. రాడ్ ముందు నీళ్లలో మునగాలి, తర్వాతే స్విచ్ వేయాలి. తీసేటప్పుడు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, తర్వాతే రాడ్ బయటికి తీయాలి. స్విచ్ వేసి ఉండగా నీళ్లు వేడెక్కాయేమోనని వేలు ముంచి చూసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దయచేసి ఈ రోజే మానేయండి. మీ ఇంట్లో ఎర్తింగ్ సరిగా ఉందో లేదో తెలియకపోయినా, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) లేకపోయినా ముందు ఆ పని చేయించండి, ఈ కొలతలు తర్వాత.

స్విచ్ బోర్డు విప్పాల్సిన పని ఈ పద్ధతిలో ఎక్కడా లేదు. విప్పాల్సి వస్తే అది ఎలక్ట్రీషియన్ పని.

అడుగులు

1. లేబుల్ చదివి, ముందుగా ఎంత రావాలో అంచనా రాసుకోండి.

రాడ్ హ్యాండిల్ మీద "230 వోల్టులు, 1500 వాట్లు" అని ఉందనుకుందాం. ఉండాల్సిన కరెంటు 1500 ÷ 230 = 6.52 ఆంపియర్లు. ఉండాల్సిన రెసిస్టెన్స్ 230 × 230 ÷ 1500 = 35.3 ఓమ్‌లు.

తరచుగా కావలసినవి ఇక్కడే ఇస్తున్నాను, అన్నీ 230 వోల్టుల దగ్గర:

- 1000 వాట్లు: 4.35 ఆంప్స్, 52.9 ఓమ్‌లు
- 1500 వాట్లు: 6.52 ఆంప్స్, 35.3 ఓమ్‌లు
- 2000 వాట్లు: 8.7 ఆంప్స్, 26.5 ఓమ్‌లు
- 3000 వాట్లు: 13 ఆంప్స్, 17.6 ఓమ్‌లు

వీటిని ఇంటి సాకెట్లతో పోల్చి చూడండి. ఇప్పుడు 6 ఆంప్స్ అని అమ్మే చిన్న సాకెట్ మోయగలిగింది 230 × 6 = 1380 వాట్లు. 1500 వాట్ల రాడ్ దానికి ఎక్కువే. అందుకే అలాంటి రాడ్‌కు లావు పిన్నులు ఇస్తారు. లావు పిన్నును చిన్న సాకెట్‌లో పట్టించడానికి కన్వర్టర్ ప్లగ్గు వాడితే పిన్ను పడుతుంది కానీ, సాకెట్ శక్తి పెరగదు. నేను చేసిన పొరపాటు అదే.

2. ప్లగ్గు పూర్తిగా పీకేసి, రాడ్ చల్లగా ఉన్నప్పుడు ఓమ్‌లు కొలవండి.

మల్టీమీటరును 200 ఓమ్‌ల రేంజిలో పెట్టండి. ముందు రెండు పుల్లలూ ఒకదానికొకటి ఆనించి చూడండి. 0.3, 0.5 లాంటి అంకె వస్తుంది. అది మీటరు వైర్ల సొంత రెసిస్టెన్స్, రాసుకోండి. ఇప్పుడు ప్లగ్గులో పైనున్న పెద్ద ఎర్త్ పిన్నును వదిలేసి, కింది రెండు పిన్నుల మీద పుల్లలు గట్టిగా అదమండి. నాకు 35.0 వచ్చింది. వైర్ల 0.4 తీసేస్తే 34.6.

తయారీలో వాట్లు ఒక 10 శాతం తక్కువ, 5 శాతం ఎక్కువ వరకు ఉండొచ్చు. కాబట్టి 1500 వాట్ల రాడ్‌కు 33.5 నుంచి 39 ఓమ్‌ల మధ్య ఎంతున్నా బాగున్నట్టే. మీటరు ఎడమ పక్కన ఒంటరిగా 1 గానీ, ఓఎల్ అని గానీ చూపిస్తే లోపలి కాయిల్ తెగింది. అప్పుడు కొత్త రాడ్ కొనాల్సిందే.

ఇంకో కొలత మర్చిపోవద్దు. మీటరును అన్నింటికంటే పెద్ద ఓమ్‌ల రేంజికి మార్చి, ఒక పుల్ల ఎర్త్ పిన్ను మీద, రెండోది మిగతా పిన్నుల్లో ఒక్కోదాని మీద పెట్టండి. ఇక్కడ మాత్రం ఆ ఒంటరి 1 గానీ, ఓఎల్ గానీ రావడమే మంచిది. ఇంకే అంకె కనిపించినా కాయిల్‌కూ పైగొట్టానికీ మధ్య లీకేజీ ఉంది, ఆ రాడ్‌ను పక్కన పడేయండి. ఇంకే అంకె రానంత మాత్రాన నూటికి నూరు శాతం సురక్షితం అనుకోకండి. ఈ చిన్న మీటరు లోపలున్నది 9 వోల్టుల బ్యాటరీ. లీకేజీని నిజంగా పరీక్షించేది ఎలక్ట్రీషియన్ దగ్గరుండే మెగ్గర్, అది 500 వోల్టులు పెట్టి చూస్తుంది.

3. ఏమీ వేయకుండా సాకెట్ వోల్టేజీ చూడండి.

గుచ్చే మీటరుంటే గుచ్చి చదవండి. మల్టీమీటరైతే ఏసీ వోల్టేజీ, 600 లేదా 750 రేంజి. నల్ల వైరు కామ్ అని రాసిన రంధ్రంలో, ఎర్ర వైరు వోల్టేజీ గుర్తున్న రంధ్రంలో ఉన్నాయని రెండుసార్లు చూసుకోండి. ఎర్ర వైరు 10 ఆంప్స్ రంధ్రంలో ఉండగా పుల్లలు సాకెట్‌లో పెడితే నేరుగా షార్టే, మీటరు చేతిలోనే పేలొచ్చు.

నాకు వచ్చింది 228 వోల్టులు. ఇది చూసి "వోల్టేజీ బ్రహ్మాండంగా ఉంది" అనుకుని ఆగిపోయేవాళ్లే ఎక్కువ. లోడు, అంటే కరెంటు లాగే పరికరం, లేనప్పుడు లూజు వైరు కూడా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. అసలు సంగతి తర్వాతి అడుగులో ఉంది.

4. రాడ్ నడుస్తుండగా వోల్టేజీ, కరెంటు ఒకేసారి చదవండి.

జంక్షన్ బాక్సు ప్లగ్గును గోడ సాకెట్‌లో పెట్టండి. బాక్సులో ఒక సాకెట్‌లో రాడ్, రెండో దాంట్లో వోల్టేజీ మీటరు. క్లాంప్ మీటరు దవడను తొడుగు తీసిన చోట ఒక్క వైరు చుట్టూ మాత్రమే వేయండి. ఫేజ్ (కరెంటు వెళ్లే వైరు) అయినా సరే, న్యూట్రల్ (తిరిగొచ్చే వైరు) అయినా సరే, ఎర్త్ వైరు మాత్రం కాదు. రాడ్ నీళ్లలో ఉందని చూసుకుని స్విచ్ వేయండి. రెండు నిమిషాలు ఆగి, రెండు అంకెలూ ఒకే క్షణంలో రాసుకోండి. ఫోనుతో రెండు మీటర్లూ కలిపి ఒక ఫోటో తీస్తే ఇంకా నయం.

నా అంకెలు: 205 వోల్టులు, 5.8 ఆంపియర్లు.

5. భాగించండి, గుణించండి.

రెసిస్టెన్స్: 205 ÷ 5.8 = 35.3 ఓమ్‌లు.
పవర్: 205 × 5.8 = 1189 వాట్లు.

రెసిస్టెన్స్ లేబుల్ లెక్కకు అచ్చంగా సరిపోయింది. చల్లగా ఉన్నప్పుడు కొలిచిన 34.6 కంటే కొంచెం ఎక్కువ. అలా ఉండటమే సరైనది, కాయిల్‌లోని నిక్రోమ్ తీగకు వేడెక్కితే రెసిస్టెన్స్ కొద్దిగా పెరుగుతుంది. అంటే రాడ్‌లో ఏ లోపమూ లేదు. కానీ 1500 బదులు 1189 వాట్లే అందుతున్నాయి. వోల్టేజీ తగ్గినప్పుడు పవర్ అంతకు రెట్టింపు వేగంతో తగ్గుతుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే, పవర్ దాదాపు ఐదో వంతు పోతుంది. ఊళ్లో సాయంత్రం పూట 180 వోల్టులే వస్తుంటే, ఇదే రాడ్ ఇచ్చేది 918 వాట్లు. ఎన్ని రాడ్లు మార్చినా అంతే.

రెసిస్టెన్స్ సరిపోయి పవర్ తగ్గితే తప్పు వోల్టేజీది. రెసిస్టెన్స్ లేబుల్ లెక్క కంటే బాగా ఎక్కువగా, అంటే 50, 60 ఓమ్‌లు వస్తే తప్పు రాడ్‌ది, లేదంటే మీరు చూస్తున్నది 1000 వాట్ల రాడ్.

6. పోయిన వోల్టులు ఎక్కడ పోయాయో పట్టుకోండి.

ఈ అడుగు ఎవరూ చేయరు. నన్నడిగితే అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే.

లోడు లేనప్పుడు 228, లోడు వేస్తే 205. మధ్యలో 23 వోల్టులు మాయమయ్యాయి. మాయమవడమంటే దారిలో ఎక్కడో వేడిగా మారడమే. ఎంత వేడి? 23 × 5.8 = 133 వాట్లు. దారిలో ఉన్న రెసిస్టెన్స్ 23 ÷ 5.8 = సుమారు 4 ఓమ్‌లు.

ఇది మామూలేనా? సరిచూసే పద్ధతి ఉంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు రెసిస్టెన్స్ కిలోమీటరుకు సుమారు 12 ఓమ్‌లు. మీటరు బోర్డు నుంచి సాకెట్‌కు 15 మీటర్లనుకుంటే, పోను రాను 30 మీటర్లు. 12 × 30 ÷ 1000 = 0.36 ఓమ్. కరెంటు 5.8 అయితే పోవాల్సింది 2 వోల్టులు. స్తంభం నుంచి వచ్చే వైరు కూడా కలిపి ఐదారు వోల్టుల దాకా పోతే కంగారుపడక్కర్లేదు. నాకు పోయింది 23.

ఎక్కడ పోతోందో తెలుసుకోవడానికి, రాడ్ నడుస్తుండగానే అదే స్విచ్ బోర్డు మీదున్న పక్క సాకెట్‌లో వోల్టేజీ చూశాను. 221 ఉంది. అంటే బోర్డు దాకా వచ్చేసరికి పోయింది 7 వోల్టులే. మిగతా 16 వోల్టులూ ఆ సాకెట్‌కూ జంక్షన్ బాక్సుకూ మధ్యనే పోతున్నాయి. అక్కడున్నది ఒక్కటే, నేను తగిలించిన కన్వర్టర్ ప్లగ్గు. 16 × 5.8 = 93 వాట్లు. పాతకాలం 100 వాట్ల బల్బు ఇచ్చినంత వేడి, బొటనవేలంత చోట!

స్విచ్ ఆపి, కాసేపాగి, ప్లగ్గు పీకి చూశాను. తెల్ల ప్లాస్టిక్ ఒక పిన్ను చుట్టూ గోధుమరంగుకు తిరిగింది. ఆ పిన్ను మీద మసి, దాని ఎదురుగా సాకెట్ రంధ్రం అంచు కరిగి లోపలికి ముడుచుకుపోయింది. చేపల కూర మాడిన వాసనలాంటిది ఒకటి ఆ గదిలో వారం రోజులుగా వస్తూనే ఉంది, వంటింటి నుంచి అనుకున్నాం.

కాబట్టి మీ లెక్కలో దారిలో పోయే పవర్ 30, 40 వాట్లు దాటితే రాడ్ వాడటం ఆపేయండి. సాకెట్‌ను, ప్లగ్గును, బోర్డు వెనక స్క్రూలను ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. నేను కన్వర్టర్ తీసేసి, 15 ఆంప్స్ సాకెట్ పెట్టించి, మెయిన్ నుంచి దానికి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగించాను. మళ్లీ కొలిస్తే 225 వోల్టులు, 6.4 ఆంపియర్లు. గుణిస్తే 1440 వాట్లు, భాగిస్తే 35.2 ఓమ్‌లు. రాడ్ అదే.

7. ఇంటి కరెంటు మీటరుతో సరిచూడండి.

మీటరు మీద చిన్న ఎర్ర లైటు మెరుస్తుంటుంది. దాని పక్కన 3200 ఇంప్/కేడబ్ల్యూహెచ్ లాంటి అంకె రాసి ఉంటుంది. అంటే 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్. మీ మీటరు మీద ఎంతుంటే అంతే తీసుకోండి, అన్ని మీటర్లకూ ఒకటే ఉండదు.

ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపి, రాడ్ ఒక్కటే వేయండి. ఒక నిమిషంలో ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టండి.

వాట్లు = నిమిషంలో మెరిసిన సార్లు × 60,000 ÷ మీటరు మీది అంకె

3200 మీటరైతే ఒక్కో మెరుపునూ 18.75తో గుణిస్తే సరి. నా మీటరు, రిపేరుకు ముందు, నిమిషానికి 70 సార్లు మెరిసింది. 70 × 18.75 = 1312 వాట్లు. రాడ్‌కు అందింది 1189. తేడా 123 వాట్లు. 6వ అడుగులో వైరింగ్‌లో పోతోందని తేలిన దానికి ఇది దగ్గరగా ఉంది చూడండి. ప్లగ్గును కాల్చిన వేడికి కూడా బిల్లు నేనే కట్టాను.

దారిలో పోయిన వాట్లు కూడా కలుపుకుని చూస్తే రెండు పద్ధతుల్లో వచ్చిన అంకెలు ఐదారు శాతం లోపు తేడాతో ఉంటే మీ కొలతలు నమ్మొచ్చు. చౌక క్లాంప్ మీటర్లలోనే రెండు మూడు శాతం తేడా ఉంటుంది. సగానికి సగం తేడా వస్తే ఎక్కడో ఏదో ఆఫ్ చేయడం మర్చిపోయారు, లేదా రేంజి తప్పు పెట్టారు.

8. బకెట్టు నీళ్లే చివరి సాక్ష్యం.

నిమిషాలు = లీటర్లు × పెరగాల్సిన డిగ్రీలు × 70 ÷ వాట్లు

20 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 50కి తేవాలంటే 20 × 25 × 70 = 35,000. దాన్ని 1189తో భాగిస్తే 29 నిమిషాలు. 1440తో భాగిస్తే 24. బకెట్టు నుంచి బయటికి పోయే వేడి వల్ల ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ పట్టొచ్చు. థర్మామీటరు పెట్టేముందు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, నీళ్లు బాగా కలపండి. పై నీళ్లు కాలిపోతున్నా అడుగున గోరువెచ్చగానే ఉంటాయి.

ఎక్కువమంది చేసే తప్పులు

క్లాంప్ మీటరు సున్నా చూపిస్తోందని చాలామంది దాన్ని వెనక్కి ఇచ్చేస్తుంటారు. కేబుల్ మొత్తం చుట్టూ దవడ వేస్తే సున్నాయే వస్తుంది. ఫేజ్‌లో వెళ్లే కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక్క వైరే దవడలో ఉండాలి. కరెంటు మరీ తక్కువై అంకె నిలకడగా లేకపోతే, ఆ ఒక్క వైరును దవడ చుట్టూ 10 చుట్లు తిప్పి, వచ్చిన దాన్ని 10తో భాగించండి.

ప్లగ్గు పెట్టి ఉండగా ఓమ్‌లు కొలవబోవడం ఇంకోటి. మీటరు పోతుంది, ఒక్కోసారి చేయి కూడా కాలుతుంది. ఓమ్‌లు ఎప్పుడూ ప్లగ్గు పీకాకే.

కళ్లు మూసుకుని 230తో గుణించేవాళ్లున్నారు. కరెంటు 5.8 అని కొలిచి 230 × 5.8 = 1334 వాట్లు అని రాసుకుంటారు. సాకెట్ దగ్గర ఉన్నది 205. లెక్కలో 145 వాట్లు గాలిలోంచి వచ్చినట్టయింది. వోల్టేజీ కొలవకుండా పవర్ చెప్పొద్దు.

మీటరు 330 మిల్లీ ఆంప్స్ చూపిస్తే సూత్రంలో 0.33 వేయాలి. మిల్లీ అంటే వెయ్యితో భాగించాలి. జవాబు వేలల్లో, లక్షల్లో వస్తే ముందు ఇదే చూడండి.

ఇక అందరూ నమ్మే ఒక మాట: "వోల్టేజీ తగ్గితే కరెంటు పెరుగుతుంది." రాడ్, గీజర్, ఇస్త్రీ పెట్టె విషయంలో ఇది తప్పు. రెసిస్టెన్స్ మారదు కాబట్టి వోల్టేజీతో పాటు కరెంటూ తగ్గుతుంది. ఆ మాట పుట్టింది పొలం మోటార్ల నుంచి. అక్కడ అది నిజమే. లోడు మీదున్న మోటారు, వోల్టేజీ తగ్గితే కరెంటు ఎక్కువ లాగి వైండింగ్ కాలుస్తుంది.

ఈ లెక్క ఎక్కడ పనిచేయదు

కాయిల్ వేడెక్కే పరికరాలకే ఈ గుణకారం సూటిగా సరిపోతుంది. ఫ్యాను, ఫ్రిజ్, మోటారు, ఎల్ఈడీ బల్బులకు వోల్టేజీ × కరెంటు చేస్తే వచ్చేది అసలు వాట్ల కంటే ఎక్కువగా ఉంటుంది. దాన్ని పవర్ ఫ్యాక్టర్ అనే అంకెతో కూడా గుణించాలి. 9 వాట్ల చౌక ఎల్ఈడీ బల్బుకు 0.075 ఆంప్స్ కొలిచారనుకోండి. 230 × 0.075 = 17. బల్బు కంపెనీ మోసం చేసిందని అనుకోవద్దు, ఆ బల్బు పవర్ ఫ్యాక్టర్ 0.5 దగ్గర ఉంటుంది. అలాంటి వాటికి 7వ అడుగే దిక్కు. ఇంటి మీటరు లెక్కపెట్టేది అసలు వాట్లనే. చిన్న బల్బుకైతే నిమిషం చాలదు, పావుగంట లెక్కపెట్టండి.

మోటారు వైండింగ్‌ను ఓమ్‌లలో కొలిచి, దాంతో పవర్ కట్టడం అసలే కుదరదు. ఆ ఓమ్‌లు వైండింగ్ తెగిందో లేదో చెప్పడానికి మాత్రమే. త్రీ ఫేజ్ మోటారుకు లెక్క వేరు: 1.732 × రెండు ఫేజుల మధ్య వోల్టేజీ × ఒక ఫేజులో కరెంటు × పవర్ ఫ్యాక్టర్. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు కానీ, అది షాఫ్ట్ దగ్గర వచ్చే పని. లోపలికి లాగేది ఎప్పుడూ దానికంటే ఎక్కువే.

230 వోల్టులంటే భయమైతే

పిల్లలకు నేర్పించాలన్నా, మీకే చేయి తిరగాలన్నా బైకు బ్యాటరీతో మొదలుపెట్టండి. 12 వోల్టుల బ్యాటరీ, 10 వాట్ల ఇండికేటర్ బల్బు, రెండు వైర్లు, ప్లస్ వైరులో ఒక 5 ఆంప్స్ ఫ్యూజు. ఇక్కడ క్లాంప్ మీటరు అక్కర్లేదు. మల్టీమీటరులో ఎర్ర వైరును 10 ఆంప్స్ రంధ్రంలో పెట్టి, డీసీలో, బల్బుకు వరుసలో కలపండి. బ్యాటరీ రెండు కొసల మధ్య మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. చిన్న మీటర్లలో ఆ రంధ్రానికి ఫ్యూజు ఉండదు, పది సెకన్లలోపు చదివి తీసేయండి.

12.6 వోల్టులు, 0.85 ఆంప్స్ వచ్చాయనుకోండి. రెసిస్టెన్స్ 14.8 ఓమ్‌లు, పవర్ 10.7 వాట్లు. ఇప్పుడు బల్బు విప్పి, చల్లారాక ఓమ్‌లలో కొలవండి. ఒకటి రెండు ఓమ్‌లకు మించి రాదు. మీటరు పాడవలేదు, బల్బూ పాడవలేదు. నిక్రోమ్ లాగా కాకుండా టంగ్‌స్టన్ ఫిలమెంటు వెలిగేటప్పుడు రెసిస్టెన్స్ పది రెట్ల దాకా పెరుగుతుంది. చల్లటి 1.5 ఓమ్‌లతో లెక్క కడితే 12.6 × 12.6 ÷ 1.5 = 106 వాట్లు వస్తుంది, పది రెట్లు తప్పు. బల్బుకు ఎప్పుడూ వెలుగుతుండగా కొలిచిన వోల్టేజీ, కరెంటులతోనే లెక్క కట్టండి.